వారానికి రెండు గంటలు ఆడేవాళ్ళకు ఈ గేముల్లో చోటెక్కడ?



గేముల గురించి మన గ్రూపులో మాట వచ్చినప్పుడల్లా రెండే వాదనలు వినబడతాయి. "ఫోన్లు పీకేస్తే గానీ పిల్లోళ్ళు బాగుపడరు" అని కొందరు. "గేమింగ్ కూడా కెరీరే, మీకు తెలీదు" అని ఇంకొందరు. మేము ఈ రెంటిలో ఏ వైపూ కాదు. రాప్తాడు చుట్టుపక్కల తాండాల్లో పుట్టి, ఎస్టీ హాస్టళ్ళలో చదువుకొని, ఇప్పుడు అనంతపురంలో రూము తీసుకొని డిగ్రీలు, కోచింగులు చేస్తున్న నలుగురం కలిసి రాస్తున్న పోస్టు ఇది. మాకు గేములంటే ఇష్టం. ఆడతాం. కానీ రోజంతా ఆడే తీరిక మాకు ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వారానికి రెండు గంటలు, దసరాకో సంక్రాంతికో ఇంకొంచెం. ఇట్లాంటోళ్ళను క్యాజువల్ గేమర్లు అంటారు.

మేము చెప్పదలుచుకున్నది ఒకటే. ఇప్పుడు ఫోన్లో ఫ్రీగా దొరికే పెద్ద గేములు చానా వరకు మాలాంటోళ్ళ కోసం తయారైనవి కావు. రోజూ వచ్చి హాజరు వేయించుకునేవాళ్ళ కోసం, లేదంటే డబ్బు పెట్టేవాళ్ళ కోసం తయారైనవి. ఈ సంగతి తెలుసుకొని ఆడితే ఆట మన చేతిలో ఉంటుంది. తెలుసుకోకుండా ఆడితే మన ఇంటి డబ్బూ, మన చదువూ దాని చేతిలోకి పోతాయి. పోస్టు పొడుగ్గా ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఇష్టం గురించి చెప్తాం. తిట్టడానికి ముందు ఏది నచ్చిందో చెప్పకపోతే అన్యాయం.

మాకంటే పెద్దోళ్ళు మొదట ఆడింది నోకియా ఫోన్లో పాము ఆట. 1997లో నోకియా 6110తో వచ్చిన ఆ ఆట మన తాండాల దాకా రావడానికి ఎన్నో ఏండ్లు పట్టింది. సెకండ్ హ్యాండులో కొన్న ఫోన్ ఒకటి ఇంట్లో ఉంటే, నాన్న నిద్రపోయినాక దాన్ని పట్టుకొని పాము తోక ఎంత పొడుగు చేస్తే అంత గొప్ప. తర్వాత టీవీకి తగిలించే క్యాసెట్ గేములు వచ్చినాయి. మారియో, కాంట్రా. ఒక క్యాసెట్లో వేల ఆటలని పైన రాసి ఉండేది, లోపల చూస్తే అవే పది ఆటలు మళ్ళా మళ్ళా వచ్చేవి. అయినా తాండాలో ఒక్కరింట్లో ఉంటే పదిమంది పిల్లోళ్ళం గడప బయట వంతు కోసం నిలబడేవాళ్ళం. చచ్చిపోతే రిమోట్ పక్కోడికి ఇయ్యాల. అంతే రూలు.

2016 సెప్టెంబర్లో జియో వచ్చినాక లెక్క మారింది. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూసేసినాక ఇంకా మారింది. ఆన్‌లైన్ క్లాసుల కోసమని గొర్రెలమ్మి, అప్పు చేసి ఫోన్లు కొన్న ఇళ్ళు మన తాండాల్లో తక్కువేమీ లేవు. క్లాసులు సగం వినబడేవి కావు. ఫోను మాత్రం ఇంట్లో ఉండిపోయింది. పబ్జీ మా చేతికి వచ్చింది ఆ దినాల్లోనే.

పబ్జీలో మాకు నచ్చింది కాల్చడం కాదు. నలుగురం నాలుగు చోట్ల ఉండి ఒక్కచోట కూర్చున్నట్టు ఉండటం. ఒకడు మిద్దె మీద, ఒకడు చెనిక్కాయ చేను గట్టు మీద, ఇంకొకడు సిగ్నల్ కోసం వేపచెట్టు కింద. విమానంలోంచి దూకి ఏదో పాత ఇంట్లో దాక్కొని, బయటికి పోకుండా అర్ధగంట ముచ్చట్లు పెట్టుకున్న రోజులు ఉన్నాయి. మైకు అందరికీ వినబడేలా పెట్టినా భయం లేదు, ఎందుకంటే మేము మాట్లాడేది గోర్ బోలి. ఎదుటి జట్టోడికి ముక్క అర్థం కాదు. ఒకసారి మాత్రం ఎవరో ముక్కూ మొహం తెలీని పిల్లోడు అటు నుంచి గోర్ బోలిలోనే జవాబిచ్చినాడు. కర్ణాటకలో విజయపుర వైపు తాండా అంట. కాల్చుకోవడం మానేసి మీది ఏ గోత్రం, మీది ఏ గోత్రం అని అడుక్కుంటూ ఉండిపోయినాం. వేరే జట్టోళ్ళు వచ్చి అందరినీ చంపేసినారు. ఆ రోజు నవ్వినంత నవ్వు మళ్ళా నవ్వలేదు.

ఇంకో ఇష్టం లూడో. మాలో ఇద్దరి అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగ్ పనికి పోతారు. రాప్తాడు మీదుగా పోయే 44వ నంబరు హైవే మన ఇళ్ళను ఎట్ల ఖాళీ చేస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదు. రాత్రి తొమ్మిదికి పని షెడ్డులో అన్నం తిన్నాక యాడి ఫోను తీసి లూడో కింగ్ తెరుస్తుంది. చదువు రాకపోయినా రంగులు తెలుసు, పాచికలు తెలుసు. ఫోన్లో "తిన్నావా, ఎట్లున్నావ్" అంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. ఆట పెట్టుకుంటే ముప్పావు గంట మాట్లాడుతుంది. కొడుకు గోటీని చంపడానికి ఆమెకు ఏమాత్రం జాలి ఉండదు. ముంబై వైపు ఒక కంపెనీ 2016లో తెచ్చిన ఆ చిన్న ఆట మా ఇళ్ళకు చేసిన మేలు పెద్ద పెద్ద గేములు చేయలేదు. కాబట్టి గేములన్నీ పాడు అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము.

ఇప్పుడు బాధలు.

మొదటి బాధ అప్‌డేట్. మాలాంటోళ్ళం వారమంతా చదువుకొని ఆదివారం ఒక గంట ఆడదామని గేము తెరుస్తాం. "కొత్త వెర్షన్ వచ్చింది, డౌన్‌లోడ్ చేసుకో" అంటుంది. అది ఒక్కోసారి జీబీ దాటుతుంది. మా రీచార్జిలో రోజుకు ఒకటిన్నర జీబీ. అప్‌డేట్ అయ్యేసరికి డేటా అయిపోతుంది, టైమూ అయిపోతుంది. ఇక ఫోన్లో జాగా సంగతి. 32 జీబీ ఫోన్లో వాట్సాప్ ఫోటోలు, కోచింగ్ పీడీఎఫ్‌లు, అమ్మానాన్నల ఆధార్ ఫోటోలు పోను మిగిలేది ఎంత? గేము ఉంచుకోవాలంటే కరెంట్ అఫైర్స్ వీడియోలు తీసేయాల. రోజూ ఆడేవాడికి అప్‌డేట్ కొంచెం కొంచెంగా వస్తుంది, వాడికి తెలీదు. అప్పుడప్పుడు ఆడేవాడికి అంతా ఒక్కసారి మీద పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు రేకుల ఇంట్లో ఆడితే ఫోను చెయ్యి కాల్చేంత వేడెక్కి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. టవరు దూరమైతే పింగు ఎర్రగా అయిపోతుంది. మనం కాల్చిన తూటా అవతలోడికి తగిలే లోపల మనం చచ్చి పడి ఉంటాం.

రెండో బాధ హాజరు. ఏడు రోజులు వరసగా వస్తే బహుమతి, ఒక్కరోజు తప్పితే మొదటి నుంచి. సీజన్ పాస్ అంట, రెండు నెలల్లోపల ఇన్ని పనులు చేయకపోతే డబ్బు పెట్టి కొన్నది కూడా సగమే వస్తుంది. "ఈ మూడు రోజులే", "ఇంక ఆరు గంటలే" అని ఎర్ర గడియారం ఒకటి తిరుగుతా ఉంటుంది. హాస్టల్లో వార్డెన్ సార్ హాజరు తీసుకుంటే మన మంచికి అనుకుంటాం. ఈ గేము ఎవరి మంచికి హాజరు తీసుకుంటుంది? మన ఎస్టీ హాస్టళ్ళలో, గురుకులాల్లో ఫోను ఉండకూడదు. అది మంచి రూలే. కానీ ఆ రూలు పాటించే పిల్లోడు పండగ సెలవులకు ఇంటికొచ్చి గేము తెరిస్తే వెనకబడిపోయి ఉంటాడు. వెనకబడినోడికి గేము రెండు దారులు చూపిస్తుంది. రాత్రి రెండింటి దాకా మేలుకొని ఆడటం, లేదా డబ్బు కట్టడం.

మూడో బాధ ఆ డబ్బే. గేముల్లో రూపాయలు అని కనబడవు. డైమండ్లు, కాయిన్లు, యూసీలు అని ఉంటాయి. ఇది ఊరికే పెట్టింది కాదు. రూపాయని ఇంకో పేరుతో మారిస్తే ఎంత పోతుందో లెక్క తెలీదు. మనకు కావాల్సిన బట్టకు ఎన్ని డైమండ్లు కావాలో సరిగ్గా అన్ని అమ్మరు. కొంచెం తక్కువో, కొంచెం ఎక్కువో అమ్ముతారు. ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి, ఆ మిగిలినవి వృథా పోకూడదని మళ్ళా కొనాల. ఇంక లక్కీ స్పిన్ అయితే చెప్పే పనే లేదు. తిరునాళ్ళలో చక్రం తిప్పించే వ్యాపారమే, బొమ్మలు మారినాయి అంతే. ఈ ఫ్రీ గేములు బతికేది ఆడేవాళ్ళలో డబ్బు పెట్టే కొద్దిమంది మీద. మిగతా ఫ్రీగా ఆడేవాళ్ళం ఆ కొద్దిమందికి ఓడిపోయే జనంగా ఉంటాం. పైగా మొదట్లో మనం చంపేవాళ్ళు సగం మంది మనుషులు కాదు, కంప్యూటర్ బొమ్మలు. గెలిచినామని సంబరపెట్టి కూర్చోబెట్టడానికి పెట్టినవి.

చిన్న గేములు ఆడదామంటే యాడ్లు. పది సెకన్లు ఆడితే ముప్పై సెకన్ల యాడు. మూసే గుర్తు కంటికి కనబడనంత చిన్నగా ఓ మూలన ఉంటుంది. దాన్ని నొక్కితే ఇంకో యాప్ తెరుచుకుంటుంది. ఒకప్పుడైతే ఆ యాడ్లలో సగం రమ్మీ గేములవే.

నాలుగో బాధ మీ అందరికీ తెలుసు. ఆడిన ఆట మన చేతిలో ఉండదు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, దాని మ్యాక్స్ మిగిలింది. 2022 జులైలో బీజీఎంఐని స్టోర్ల నుంచి తీసేసినారు, 2023 మేలో మళ్ళా వచ్చింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. మాకు తెలిసొచ్చింది ఏందంటే, ఆ గేముల్లో మనం డబ్బు పెట్టి కొన్నది ఏదీ నిజంగా మనది కాదు. మన దేశంలోనే కాదు, ఇంకా పెద్ద దేశాల్లో కూడా ఇదే గొడవ. ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ 2024లో "ది క్రూ" అనే కార్ల గేము సర్వర్లు ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్ళు కూడా ఆడలేకపోయినారు. దాని మీద మొదలైన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" అనే ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చినాయి.

ఇక్కడ మన అనంతపురం పిల్లోళ్ళకు మాత్రమే తోచే మాట ఒకటి చెప్పాల. సేద్యం గేములు ఉన్నాయి కదా. 2009లో ఫేస్‌బుక్‌లో ఫామ్‌విల్ అని వచ్చింది. అందులో పంట వేసి టైముకు తిరిగి రాకపోతే పంట ఎండిపోయేది. అంటే మనిషిని మళ్ళా మళ్ళా రప్పించడానికి పంటను ఎండబెట్టినారు. హే డేలో పంట ఎండదు, కానీ కాచుకోవాల, కాచుకోలేకపోతే డైమండ్లు పెట్టాల. గోధుమ రెండు నిమిషాల్లో పండుతుంది. మన కదిరి-6 చెనిక్కాయకు మూడు నెలలు దాటాల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, ఆ సగటు కూడా చానా ఏండ్లు కాగితం మీదనే ఉంటుంది. ఇక్కడ పంట ఎండేది రైతు రాలేదని కాదు, వాన రాలేదని. ఊడ దిగే టైములో ఇరవై రోజులు వాన లేకపోతే నాన్న రోజూ పొద్దున చేను దగ్గరికి పోయి నిలబడి వస్తాడు. రోజూ హాజరైనా బహుమతి లేదు. గేము తయారు చేసినోడికి పంట ఎండటం ఒక ఉపాయం. మనకు అది బెంగళూరు బస్సు. అందుకే ఆ గేముల్లో ఎండిన పంట చూస్తే నవ్వు రాదు, కోపం వస్తుంది.

ఇంక అసలు విషయానికి వస్తాం. ఇది రాయాలని అనుకున్నది కూడా దీని కోసమే.

మాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగింది. ఏ తాండా అన్నది చెప్పము, గేము పేరూ చెప్పము. పిల్లోడు తొమ్మిదో తరగతి. నాన్నకు చదువు రాదు. ఫోన్లో డబ్బు పంపాలన్నా, రీచార్జి చేయాలన్నా, బ్యాంకులో ఎంత ఉందో చూడాలన్నా కొడుకే చేస్తాడు. యూపీఐ పిన్ను కొడుకుకే తెలుసు. ఇది మన ఇళ్ళలో మామూలే. మనలో చానామంది చిన్నప్పుడే ఇంటికి బ్యాంకు గుమాస్తాలం. ఎండిన పంటకు వచ్చిన పరిహారం డబ్బు ఖాతాలో పడింది. పిల్లోడు మొదట 80 రూపాయలు పెట్టినాడు. తర్వాత 400. తర్వాత ఒక తుపాకీ బొమ్మ కోసం స్పిన్ మీద స్పిన్. రెండు నెలల్లో పదకొండు వేలు దాటింది. విత్తనాలు కొనే టైముకు నాన్న బ్యాంకుకు పోతే డబ్బు లేదు. ఆయన బ్యాంకోళ్ళే కోసుకున్నారు అనుకొని వాళ్ళతో కొట్లాడినాడు. సచివాలయానికి పోయి అడిగినాడు. ఎవరో స్టేట్‌మెంటు తీసి చూపించి, అందరి ముందర "నీ కొడుకే గేముల్లో పెట్టినాడు" అన్నారు. ఆయన ఆ ఏడు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి విత్తనం వేసినాడు.

పిల్లోణ్ణి కొట్టినారు, ఫోన్ పగలగొట్టినారు. వాడు బడి మానేసి నాన్నతో పనికి పోతానని మొండికేసినాడు, అవమానంతో. తాండా నాయక్, వాళ్ళ మేనమామ, ఇంకా మేము నచ్చచెప్తే పది రోజులకు మళ్ళా హాస్టల్‌కు పోయినాడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ పది రోజుల్లో ఎవరూ అడ్డం పడకపోతే, మనలో ఇంకొకడు తగ్గిపోయేవాడు. డ్రాపౌట్ లెక్కల్లో కారణం "వలస" అని రాసుకునేవాళ్ళు.

ఆ పిల్లోడిది తప్పు కాదా అంటే, తప్పే. కానీ పద్నాలుగేండ్ల పిల్లోడు ఒక పక్క, పిల్లోళ్ళ చేత ఖర్చు పెట్టించడమే పనిగా జీతాలు తీసుకునే పెద్దోళ్ళు ఇంకో పక్క. ఇది సమానమైన ఆటేనా? ఈ మాట మేమే అంటున్నది కాదు. అమెరికాలో ఫోర్ట్‌నైట్ గేము తయారు చేసిన ఎపిక్ గేమ్స్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2022 డిసెంబర్లో ఆ కంపెనీ 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్ల డాలర్లు ఆడేవాళ్ళ చేత తెలీకుండా కొనిపించినందుకు వాపసు ఇచ్చే డబ్బు. బెల్జియంలో 2018లోనే డబ్బు పెట్టి తెరిచే అదృష్టం పెట్టెలు జూదమే అని తేల్చినారు. మన దగ్గర 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి, డబ్బు పందెం గేములను దేశమంతా ఆపింది. నడిపేవాళ్ళకు మూడేండ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళకు శిక్ష లేదు. మంచిదే. కానీ ఆ చట్టం పట్టుకునేది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను. డైమండ్లు కొని బొమ్మ తుపాకీ గెలుచుకుంటే చేతికి డబ్బు రాదు కాబట్టి అది వేరే లెక్కలోకి పోతుంది. మన పిల్లోళ్ళ డబ్బు పోయేది చానా వరకు ఆ లెక్కలోనే. అక్కడ చట్టం కాయదు, మనమే కాచుకోవాల.

అందుకని మేము పాటిస్తున్నవి కొన్ని చెప్తాం. పెద్ద సలహాలు కావు.

ఒకటి. నాన్న ఫోన్లో ప్లే స్టోర్ తెరిచి, పేమెంట్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో చిన్న పిల్లోళ్ళకు కాకుండా అక్కకో అన్నకో తెలిసి ఉండాల.

రెండు. పరిహారం, స్కాలర్‌షిప్, అమ్మ పొదుపు సంఘం డబ్బు పడే ఖాతాను యూపీఐకి కలపకండి. రీచార్జికి, చిల్లర ఖర్చులకు వేరే ఖాతా, అందులో ఐదొందలు చాలు.

మూడు. పొరపాటున డబ్బు పోయిందని తెలిస్తే 48 గంటల్లోపల ప్లే స్టోర్‌లోనే వాపసు అడగొచ్చు. అది కాకుండా ఎవరైనా మోసం చేసి లాగేసుంటే 1930కి ఫోన్ చేయండి. కొట్టడం, ఫోన్ పగలగొట్టడం వల్ల రూపాయి తిరిగి రాదు.

నాలుగు. అమ్మానాన్నలకు స్టేట్‌మెంట్ చదవడం నేర్పండి. నెలకోసారి పక్కన కూర్చొని "ఇది ఇంత, అది ఇంత" అని చెప్తే చాలు. అందరి ముందర ఇంకొకరు చదివి వినిపించే అవమానం తప్పుతుంది.

ఇక ఏం ఆడాల? ఆట మానమని మేము చెప్పట్లేదు. మేము నలుగురం ఒక లెక్క పెట్టుకున్నాం. నెల రోజులు తెరవకపోయినా మనల్ని శిక్షించని ఆటే మంచి ఆట. ఈ లెక్కతో చూస్తే కొన్ని మిగిలినాయి.

చదరంగం ఆడేవాళ్ళకు లీచెస్ ఉంది. పూర్తిగా ఉచితం, యాడ్లు లేవు, కొనమని అడిగేది ఏమీ ఉండదు. ఒక ఫ్రాన్స్ ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టినాడు, ఇప్పుడు విరాళాలతో నడుస్తుంది. డేటా పెద్దగా తినదు. మా పాత ఫోన్లో కూడా గమ్మున నడుస్తుంది. పల్లెటూరి సేద్యం గేము కావాలంటే స్టార్‌డ్యూ వ్యాలీ ఉంది. ఒకే ఒక్క మనిషి నాలుగేండ్లకు పైగా కష్టపడి తయారు చేసి 2016లో విడుదల చేసినాడు. ఫోన్లో ఒక్కసారి కొంటే మళ్ళా ఏదీ కొనక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు. అందులో ఒకరోజు నీళ్ళు పెట్టకపోతే పంట చావదు, ఆ రోజు పెరగదు అంతే. వాన పడిన రోజు నీళ్ళు పెట్టే పని ఉండదు. ఆ వాన చప్పుడు వినడానికే మాలో ఒకడు అది తెరుస్తాడు. మన జిల్లావాడు కదా.

ఇంకో ఆటకు ఫోనే అక్కర్లేదు. పులి-మేక. మన ఊళ్ళలో గుడి అరుగుల మీద, రచ్చకట్ట బండల మీద చెక్కిన పటాలు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి తింటుంది. మేకకు దూకడం రాదు, తినడం రాదు. మేకలు గెలవాలంటే ఒక్కటే దారి, పులులు కదలకుండా చుట్టూ కట్టేయడం. ఒక్క మేక ముందుకు పోతే చస్తుంది. రెండు వైపులకూ బలాలు వేరు వేరుగా ఉండి కూడా ఆట సమానంగా నడవడం ఎంత కష్టమో గేములు తయారు చేసేవాళ్ళను అడిగితే చెప్తారు. మన ముసలోళ్ళు దాన్ని బొగ్గుతో గీసి, చింతపిక్కలూ రాళ్ళూ పెట్టి ఆడినారు. దానికి అప్‌డేట్ రాదు, సర్వరు ఆగదు. మాలో ఒకరి తాత డెబ్బై దాటినాడు, ఇప్పటికీ మేకలు తీసుకొని మమ్మల్ని ఓడిస్తాడు. పులులు తీసుకోమంటే "అది చిన్నపిల్లల పక్షం" అంటాడు.

చివరగా ఒక ఆట గురించి. పేరు "నెవర్ అలోన్". 2014లో వచ్చింది. అలాస్కాలో, ఆ మంచు దేశంలో ఉండే ఇనుపియాక్ అనే ఆదివాసీల కథ. కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే వాళ్ళ సంస్థ ఒక గేము కంపెనీతో కలిసి తయారు చేయించింది. దాదాపు 40 మంది పెద్దలు, కథలు చెప్పేవాళ్ళు దానిలో పాలు పంచుకున్నారు. నూనా అనే చిన్నపిల్ల, ఒక నక్క. ఆగని మంచు తుఫాను ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి బయలుదేరతారు. కథ చెప్పే గొంతు వాళ్ళ భాషలోనే ఉంటుంది, కింద అక్షరాలు పడతాయి. ప్రపంచమంతా ఆ ఆట ఆడింది, ఆ భాష విన్నది. మేము దాని వీడియోలు చూసినప్పుడు మాకు ఆట కంటే ఆ గొంతు మీదే ధ్యాస పోయింది. గోర్ బోలిలో మాకు తెలిసిన గేము ఒక్కటీ లేదు. ఎరుకల భాషలో లేదు, కోయలో లేదు, సవరలో లేదు. మనం గేముల్లో కొనేవాళ్ళంగా ఉన్నాం, ఓడిపోయే జనంగా ఉన్నాం. మన కథ మాత్రం ఎక్కడా లేదు.

గోర్ బోలికి సొంత లిపి లేదని, ఎనిమిదో షెడ్యూలులో లేదని మనం ఎన్నో పోస్టులు రాసుకున్నాం. ఆ పోరాటం జరగాల్సిందే. కానీ ఆటకు లిపి అక్కర్లేదు. గొంతు చాలు. మంచు ఎందుకు ఆగదో వెతకబోయిన పిల్ల కథ వాళ్ళకుంటే, వాన ఎందుకు రాదో వెతకబోయే పిల్ల కథ చెప్పడానికి రాప్తాడు కంటే మంచి చోటు ఏది?

దీనికి కోట్లు అక్కర్లేదు. ఈ గ్రూపులో జేఎన్‌టీయూలో, ఎస్కే యూనివర్సిటీలో, ఇంకా ఎన్నో చోట్ల కంప్యూటర్లు చదివేవాళ్ళు ఉన్నారు. గోడాట్ అని గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఉచితం, ఎవరికీ వాటా కట్టక్కర్లేదు. మా ఆలోచన ఇది. మొదట పులి-మేక. ఫోన్లో నెట్టు లేకుండా ఆడేది, కొన్ని ఎంబీలు మించనిది, యాడ్లు లేనిది. మేక చచ్చినప్పుడు, పులి చిక్కినప్పుడు మన తాతల, అవ్వల గొంతులో మన భాషలో మాట వినబడాల. మా నలుగురిలో ఒకరు బీటెక్ మూడో సంవత్సరం, పటం గీయడం, కాయలు కదిలించడం వరకు చేసి పెట్టినాడు. పులి తనంతట తాను ఆలోచించి ఆడే భాగం ఇంకా రాలేదు. తెలిసినవాళ్ళు సాయం చేయండి.

మిగతావాళ్ళు ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. మీ తాండాలో, గూడెంలో, కాలనీలో పెద్దోళ్ళను కూర్చోబెట్టి పులి-మేక ఆడించండి. ఆడుతూ వాళ్ళు అనే మాటలు, తిట్లు, సామెతలు ఫోన్లో రికార్డు చేయండి. వాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే. ఏ ఊరు, ఏ భాష అన్నది రాసి ఇక్కడ పెట్టండి. మీ దగ్గర పులుల లెక్క, మేకల లెక్క వేరేగా ఉంటే అది కూడా రాయండి. ఆ పదకొండు వేల పిల్లోడు ఇప్పటికే వాళ్ళ అవ్వ గొంతు పంపినాడు. అందులో మొదటి మాట తిట్టే, కానీ చానా బాగుంది.

జై సేవాలాల్. జై ఆదివాసీ.